ముల్లు గుచ్చే చోటు

రాయపురంలో రాత్రి రెండు నలభై.
హార్బరు వైపు నుంచి ఓడ ఒకటి
గొంతు సవరించుకుని ఊరుకుంది.
ఆరో మంచం మీద కోదండపాణి గారి బీపీ
మెట్లు దిగినట్టు దిగుతోంది:
తొంభై, ఎనభై రెండు, డెబ్భై నాలుగు.

ఏం చెయ్యాలో నాకు తెలుసు.
గొప్పకు చెప్పడం లేదు.
నర్సింగు మీద మరో రెండేళ్లు చదివి, పట్టా పుచ్చుకుని
పదేళ్లుగా ఈ మంచాల మధ్యే తెల్లవారుతున్నదాన్ని.
సిరంజిలోకి మందు తీశాను, లేబుల్ అంటించాను,
పంపులో బిగించాను.
బొటనవేలు బటన్ మీద ఆనించి
రెండో చేత్తో ఫోన్ చేశాను.

డాక్టర్ ఇళంగో ఎత్తలేదు.
ఆయన తప్పేం లేదు.
పై అంతస్తులో ఆగిన గుండె ఒకదాన్ని
రెండు చేతులా నొక్కుతున్నాడు,
ఏ చేత్తో ఎత్తుతాడు?

పదకొండు నిమిషాలు.

కోదండపాణి గారి భార్య నా మొహంలోకి చూసి
"ఏం సిస్టరూ, అట్ల నిలబడుకోనుండావే?" అంది.
మా సూళ్లూరుపేట మాట.
ఈ ఊళ్లో ఆ యాస వినబడితే ప్రాణం లేచొచ్చేది,
ఆ రాత్రి మాత్రం తల దించుకున్నాను.
ఏం చెప్పను,
మందు నా చేతిలో ఉందమ్మా,
సంతకం మేడ మీద ఉంది.

వచ్చాడు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.
సిరంజి వైపు చూశాడు, నా వైపు చూశాడు,
నేను కలిపిన మోతాదునే కాగితం మీద రాసి
సంతకం గీకాడు.
కేసు షీట్లో నా వంతు ఒక్క వాక్యం:
డాక్టరుకు తెలియజేయడమైనది.
బొటనవేలి సంగతి ఎక్కడా లేదు.

ఇప్పుడు ముసాయిదా వచ్చింది, ముప్ఫై నాలుగు పేజీలు.
మా పని పరిధిని నిర్ణయిస్తారట.
పరిధి.
ఆ మాట నాకు మొదట చెప్పింది లెక్కల మాస్టారు.
తుప్పు పట్టిన వృత్తలేఖిని, అరిగిన పెన్సిలు ముక్క,
"ముల్లు కదలకూడదమ్మాయ్,
పెన్సిలు ఎంత దూరమన్నా తిరగనీ.
ముల్లు కదిలిందా, గుండ్రం కాస్తా గుమ్మడికాయే."

పేజీ పేజీ తిప్పి వెతికాను
ముల్లు ఎక్కడ గుచ్చారా అని.
ఏదో కుర్చీలో గుచ్చినట్టున్నారు.
ఆరో మంచం దాకా పెన్సిలు రాలేదు.

అయితే ఒకటి దాచను.
నాలుగేళ్ల కిందట, వీధుల్లో మోకాలి లోతు నీళ్లున్న వారం,
ఇలాగే పడిపోతున్న బీపీకి
సెలైన్ పూర్తిగా వదలబోయాను.
ఈ ఇళంగోనే నా మణికట్టు పట్టుకున్నాడు.
"మెడ నరం చూడు."
చూశాను. తాడులా ఉబ్బి ఉంది.
లోపల మునిగిపోతున్న మనిషికి
నేను ఇంకా నీళ్లు పోయబోయాను.
ఆ చోట మణికట్టు ఇప్పటికీ
ఒక్కోసారి చల్లబడుతుంది.

అందుకని గీత వద్దనను.
గీత లేని చీకట్లో నాకూ భయమే.

అభిప్రాయానికి నాలుగు వరుసల జాగా ఇచ్చారు.
ముందు తెలుగులో రాసుకున్నాను:
ఫోన్ ఎత్తలేని పదకొండు నిమిషాలకు
ఒక పేజీ కేటాయించండి.
ఏ మందు, ఎంత, ఎంతసేపు,
మా పక్కన కూర్చుని రాయండి, వీలైతే రాత్రిపూట.
తప్పు చేస్తే నా పేరే రాయండి.
ఒప్పు చేసినా.

జాగా చాలక చివరి రెండు మాటలు
అంచు మీద నిలువుగా రాయాల్సి వచ్చింది.

ఆ రోజు పొద్దున్న, కాసిమేడు చేపల వాసన
కిటికీ దాకా వచ్చే వేళకి
కోదండపాణి గారు కళ్లు తెరిచి కాఫీ అడిగాడు.
ఇయ్యొచ్చునా అని ఆవిడ నన్నే అడిగింది.
చుట్టూ ఇంకెవరూ లేరు.
నాకు తెలుసు, రెండు గుక్కలు ఇవ్వచ్చు.

"డాక్టరు గారు రానీమ్మా" అన్నాను.
నోటికి అలవాటు.