తవుడు ధర

గరివిడి దాటాక మట్టి నల్లబడుతుంది.
మేంగనీసు తవ్వి ఒగ్గేసిన గుట్ట మీద
ఎవరూ నాటని కానుగొకటి
ఎందుకంత పచ్చగా ఉందో
అడగడానికి వెళ్ళాను, గునపంతో.

మేకల్ని తోలుకొచ్చిన తవిటమ్మ
(మేకలు కానుగాకు ముట్టవు, నీడకే వస్తాయి)
నా చేతిలో గునపం లాక్కుంది.
"అలా పొడిసీకమ్మా, యేరు తెగిపోద్ది."
ఇరవయ్యేళ్ళు ఇదే గుట్టకి తట్టలెత్తిన వేళ్ళతో
మట్టిలో వేళ్ళను వెతికింది.

పీచు వేరుకి చోడిగింజలంత బుడిపెలు.
ఒకటి గోటితో చిదిమాను.
లోపల ఎరుపు.
"నెత్తురేటి?"
నెత్తురుకి చుట్టమే, అన్నాను.
కంటికానని జీవాలుంటాయిందులో,
గాలిని పట్టి చెట్టుకి ఎరువు చేసిపెడతాయి.
"కూలెంత?"
పంచదార. ఆకుల్లో వండి చెట్టు కిందికి పంపుతుంది.
"అయితే మాకన్నా నయివే."

ఐసుపెట్టె ఒళ్ళో పెట్టుకుని విశాఖ బస్సెక్కితే
కండక్టరు మూత వైపు చూసి "రొయ్యలా?" అన్నాడు.
కాదంటే నమ్మలేదు. లగేజీ టికెట్టు కొట్టాడు.
బతికున్న కోట్లమందికి కలిపి
పదిహేను రూపాయలు.

స్పిరిట్లో కడిగి గాజు పళ్ళెంలో పెంచితే
ఐదోనాటికి గంజి చుక్కల్లా తేలాయి.
హైదరాబాదు పంపాను. ఆరు వారాలకి తిరిగొచ్చింది
డెబ్భై లక్షల అక్షరాలై.
నాలుగే నాలుగు, ఏ టీ జీ సీ.
ఒత్తు లేదు, దీర్ఘం లేదు,
ఊపిరి పీల్చుకోవడానికొక చుక్కయినా లేదు.

కరెంటు పోయి వస్తున్న రాత్రుల్లో చదివాను.
ఒళ్ళంతా తల్లిదే, తాతమ్మదే,
అచ్చుగుద్దినట్టు.
గాలిని అన్నం చేసే ఆ ఒక్క ముక్క మాత్రం
తల్లిది కాదు.
రెండు చివర్లా అతుకు తెలుస్తోంది
చీరంచుకి వేసిన ఫాలు కుట్టులా.
ఏ పరాయిదో, ఎప్పుడో,
పక్కనే మసులుతూ ఇచ్చిపోయింది.

శ్రావణంలో ఈ కబురు పట్టుకుని మళ్ళీ గుట్టెక్కాను.
తవిటమ్మ నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు.
దారి తప్పిన పిల్లమేకని అదిలించి వచ్చి కూచుంది.
"నాకు ముందర నలుగురు పుట్టి పోనారు.
నన్ను కన్నెంటనే మాయమ్మ
పక్కింటి ఆదెమ్మకి
సేటెడు తవుడుకి అమ్మీసింది.
మూడోనాడు మళ్ళీ కొనుక్కుంది.
ఆ మూడ్రోజులూ ఆదెమ్మ పాలే తాగినాను.
ఏ పాలు పనిసేసినాయో
ఎవలికి తెల్సు?"

కాసేపాగి, "దానికి పేరెట్టినావా?" అంది.
గరివిడి పదిహేడు, అన్నాను.
"అదేం పేరు, జైల్లో నంబర్నాగ."

లేబు రిజిస్టరులో పదిహేడుకి ఎదురుగా
'మూలం' అని ఒక గడి ఉంటుంది.
కానుగ వేరు, నల్లమట్టి, తేదీ రాశాను.
ఇంకా కొంచెం చోటు మిగిలింది.
పెన్సిలుతో రాశాను:
చేటెడు తవుడు.