ఖాళీలను పూరింపుము

అశోక్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ మెట్ల కింద
మా జిరాక్స్ షాపు.
నా పని గీతలు కొట్టడం.
ప్రభుదాస్ సార్ రాసిచ్చిన ఇంగ్లీషు వాక్యాల్లో
ఆయన ఎర్ర సున్నా చుట్టిన మాట తీసేసి
అక్కడ ఎనిమిది గీతలు కొడతాను.
ఎనిమిదే.
తక్కువైతే మాట చిన్నదని తెలిసిపోతుందట,
ఎక్కువైతే పిల్లలు లేనిపోనివి ఊహించుకుంటారట.

పదమూడేళ్లుగా మాటలు తీసేస్తున్నా.
తీసినవి ఎటు పోతాయో అడగలేదు.
జవాబుల కాగితం సార్ చొక్కా జేబులో ఉంటుంది,
నాలుగు మడతలతో, బస్ పాసు వెనకాల.
నేనేమో టెన్త్‌లో ఇంగ్లీషు
ముప్పయ్యారుతో గట్టెక్కినదాన్ని.

మొన్న రాత్రి షట్టరు సగం దించాక
వంగి లోపలికి చూశాడు ఓదెలు,
ఎదుటి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్.
చేతిలో నేను కొట్టిన కాగితమే,
మిర్చీల నూనెకి ఒక మూల అద్దమైపోయి.
"అక్కా, ఇది జర జెప్పు. పొద్దుగాల టెస్టున్నది.
ఎయిర్‌పోర్టుల కొలువు.
ఇంగ్లీషొస్తె గేటు లోపట నిలబెడ్తరట,
రాకుంటె బయట, ఎండల."

నాలుగో ప్రశ్న.
ఐ హావ్ బీన్ లివింగ్ ఇన్ హైదరాబాద్
ఎనిమిది గీతలు
ఎలెవన్ ఇయర్స్.
సిన్సా, ఫరా?
"పదకొండేండ్ల నుంచి. సిన్స్ అంటె నుంచే గద?"
నుంచే.
"మరి ఫర్ అంటె?"
అదీ నుంచే.

మెషీన్ ఇంకా వేడిగా ఉంది. దాని మీద చెయ్యి ఆనించి
నాకు తోచింది చెప్పాను:
బయల్దేరిన గడియ చెప్తే సిన్స్.
ఎంతకాలం మోశావో చెప్తే ఫర్.

"జూబ్లీ బస్టాండ్ల దిగిన. శుక్రారం. తుంపర.
చెప్పు తెగితె పిన్నీసు పెట్టుకోని
ముషీరాబాద్ దాంక నడిచిన.
గడియతో సహా యాదున్నది. సిన్సే గద, అక్కా?"

కాదు తమ్మీ, ఫర్.
ఇయర్స్ అని ముందే అచ్చేశాం.
నీ శుక్రవారం, నీ పిన్నీసు
ఈ గీత మీద పట్టవు.

ఏడోది ఇల్లు. ఏ హౌసా, ది హౌసా?
వినేవాడికి తెలిసిన ఇల్లయితే ది,
తెలియనిదైతే ఏ.
పైన క్లాసులోంచి మెట్ల మీదుగా జారొచ్చి
నా చెవిన పడ్డ పాఠం.
ఓదెలు నవ్వాడు.
లిఫ్టు పక్కన, మోటారు స్విచ్చు కింద అతని అర్ర.
"నలభై ఫ్లాట్లోల్లకు తెలుసు.
నీళ్లు రాకుంటె అందరొచ్చి కొట్టేది నా తలుపే.
ది పెట్టనా?"
పెట్టు, అన్నాను.
తప్పో ఒప్పో దేవుడికెరుక.

ఆఖరిది తేలికే. వి ఆర్ గోయింగ్ హోమ్.
ఆర్ రాశాడు, రాసి పెన్ను ఎత్తలేదు.
"అక్కా, వి అంటె మనమా, మేమా?"
రెండూ ఒకటే వాళ్లకి.
"అట్లెట్ల?
మనం పోతున్నం అంటె నువ్వు గూడ వస్తున్నట్టు.
మేం పోతున్నం అంటె నిన్ను ఇడిసి పోతున్నట్టు.
ఎవల్ని తోలుకపోతున్నరో
ఈళ్లకెట్ల తెలుస్తది?"

నా దగ్గర జవాబు లేదు.
ఇన్నేళ్లలో మొదటిసారి
ఎవరూ గీత కొట్టని ఖాళీ ఒకటి చూశాను.
కాగితానికి డబ్బులు తీసుకోలేదు. అతను వద్దన్నా
రూపాయి బిళ్ల కౌంటర్ మీదే ఉంది, ఇంకా ఉంది.

ఈ పొద్దున సార్ కొత్త పేజీ ఇచ్చాడు.
ది వాచ్‌మన్ ఈజ్ స్టాండింగ్ ఎట్ ది గేట్.
ఎట్ మీద ఎర్ర సున్నా.
ఓదెలు టెస్టు సంగతి ఇంకా తెలీదు,
కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది ఎదురుగా.

ఎట్ తీసేశాను.
ఎనిమిది కొట్టి ఆగాను.
లోపల అనే మాట ఎట్ కన్నా పెద్దది గదా
అనిపించి
ఇంకో నాలుగు కొట్టాను.