దీపం తీసేశాక

పైవాటాలో అద్దెకుండే ప్రసూన, ఫిజిక్సు పిల్ల,
మెట్ల మీదే ఆగి ఫోన్ చూపించింది.
"మీరా తాతా, ఇది వేరే సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహం."
నల్లటి మధ్యలో ఆవగింజంత నారింజ మరక.
సూర్యుడేడమ్మా అంటే
తీసేశారు తాతా అంది.
ఆయనున్న చోట ఓ చుక్క బొమ్మ గీశారు, పాపం, గుర్తుకోసం.

బ్రాడీపేట నాలుగో లైన్లో
ముప్పై ఎనిమిదేళ్ళు స్టూడియో నడిపినవాణ్ణి.
ఫొటో తీయడమంటే
తీసెయ్యడమని నాకొకరు చెప్పక్కర్లేదు.
మొటిమలు తీశాను, మెల్లకన్ను సర్దాను,
తీగకి అట్టబిళ్ళ గుచ్చి
ఎన్‌లార్జర్ వెలుగుకి అడ్డంగా ఆడిస్తూ
మసైపోయే ముఖాల్ని బతికించాను.
వాళ్ళూ అంతేనట,
అద్దాల లోపల ఇంత బిళ్ళ, సూర్యుడి మీద.

అయినా వెలుగు ఊరుకోదట.
అంచుల్లోంచి కారి గ్రహాల్లా నటిస్తుందట.
అప్పుడు దుర్భిణినే కాస్త తిప్పి మళ్ళీ తీస్తారట.
కంట్లో నలుసు కంటితోపాటే తిరుగుతుంది,
బయటున్నది తన చోటనే ఉంటుంది.
ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తే
మిగిలిందే గ్రహం.
ఈ మాట విని కాసేపు మెట్టు మీద కూర్చున్నాను.

ఎనభై రెండు, వైశాఖం, పొన్నూరు అవతల పెళ్ళి.
ఊరేగింపులో నెత్తిన పెట్రోమాక్సు మోసినవాడు
ఏసుపాదం.
దీపం వరుడి మీదికి వంచమని అరిచింది నేనే.
చెమట కళ్ళలోకి దిగుతున్నా
తుడుచుకోడానికి అతనికి చెయ్యి ఖాళీ లేదు.
ప్రింటు చూసి పెళ్ళికొడుకు బాబాయి
"వెలుగు బాగొచ్చింది, వాణ్ణి తీసెయ్" అన్నాడు.
బ్లేడుతో అంచు కోశాను. నీటుగా.
అలాంటివి ఎన్నో.

దీపాన్ని ఉంచి
మోసేవాణ్ణి తీసేశాన్నేను.
వీళ్ళేమో దీపాన్నే...

"దాని పేరేంటమ్మా?"
"పేరుండదు తాతా. సూర్యుడి నంబరు, పక్కన చిన్న బి."

రాత్రి అటక మీంచి బిస్కెట్ల డబ్బా దించాను.
సగానికి బూజు. కొన్ని అంటుకుపోయి
విడదీస్తే ఇద్దరి పెళ్ళిళ్ళూ చిరుగుతున్నాయి.
ట్యూబులైటుకి ఎత్తి ఒక్కొక్కటే చూస్తున్నాను.
నెగటివ్‌లో దీపం తనంతట తనే నల్లబడి ఉంటుంది.
దాని కింద, గాజులా,
దాదాపు ఏమీ లేనట్టు
ఒక ముఖం ఉండాలి.

ఇంకా పడుకోలేదా అంటోంది కోడలు.
ఇంకో రెండు డబ్బాలున్నాయి.