పుట్టీ కింద లెక్క

చిత్తూర్లో, ఇంజనీరమ్మ ఆఫీసులో
నన్ను కుర్చీలో కూచోమన్నారు.
అలవాటు లేదు నాకు.
ప్యాంటుకుండే సున్నం అంటుతుందని
అంచు మీద ఆనుకున్నా.

ఎదురుగా గుణశేఖర,
ఫస్టు క్లాసు కాంట్రాక్టరు.
చొక్కా జేబులో రెండు పెన్నులు.
రెండింట్లో ఒక్కటీ
నా పేరు మీద చెక్కు రాసిందిలేదు
పద్నాలుగు నెలలుగా.

"అగ్రిమెంటు ఉందా?" అనింది ఇంజనీరమ్మ.
లేదమ్మా.
"రసీదు?"
లేదమ్మా.
"మరి లెక్క యాడ రాసుకున్నావు?"
గోడ మీద.

గుణశేఖర నవ్వినాడు.
గుమాస్తా కూడా నవ్వినాడు,
తర్వాత ఎందుకో ఫైల్లోకి తలొంచుకున్నాడు.

నిజమే చెప్పినా.
పూతలపట్టు హాస్టలు, మూడో గది,
తూరుపు గోడ, కిటికీ పక్కన.
బొగ్గుతో గీసింది.
నాలుగు నిలువు గీతలు, మీద ఒక అడ్డగీత:
ఎల్లప్ప హాజర్లు.
సున్నా చుట్టినవి కుప్పమ్మ ఇసుక జల్లిన దినాలు.
అన్నిటికీ కింద, బాకీ,
రెండు లక్షలా పదివేలు.
పక్కనే ఎర్ర చాక్‌పీసుతో టిక్కు పెట్టి
"గు" అని రాసింది ఆయనే,
ఆ దినం ఉల్లాసంగా ఉండి.

పూత ముగిస్తేనే బిల్లు పాసవుతుందన్నాడు.
ముగించినా.
ఆ గోడ వంతు వచ్చినప్పుడు
తాపీ ఒక్క నిమిషం గాల్లో ఆగింది.
నా లెక్కను నా చేత్తోనే పూసేసినా.
దాని మీద పుట్టీ, పుట్టీ మీద లేత నీలం,
నీలం మీద ఇప్పుడు పిల్లోళ్ళు
పెన్సిలుతో ఎక్కాలు రాసుకుంటా ఉండారు.
మొన్న పోయి చూసినా పన్నెండో ఎక్కం.
తప్పుల్లేవు.

"కాణిపాకం పోదాం రా సామీ,
తలకు నీళ్ళు పోసుకోని
ఇయ్యాల్సింది లేదని ఒక్క మాట చెప్పు,
నేను ఇంటికి పోతా" అన్నా.
గుణశేఖర పెన్ను మూత తీసినాడు,
పెట్టినాడు, తీసినాడు.
ఇంజనీరమ్మ మెల్లిగా అనింది:
"దేవుడి సంతకానికి ఫైల్లో గడి లేదయ్యా."

అప్పుడు లేచినాడు చిన్న ఇంజనీరు పిల్లోడు,
పని ఎంత దూరం వచ్చిందో
నెలకొకసారి ఫోటో తీసి పంపేటోడు.
ఫోను తెచ్చి ఆయమ్మ ముందర పెట్టినాడు.
ఆయమ్మ రెండు వేళ్ళతో గోడను పెద్దది చేసింది.
ఇటుకలు వచ్చినాయి.
ఎల్లప్ప వచ్చినాడు, నాలుగు నిలువు ఒక అడ్డం.
కుప్పమ్మ సున్నాలు వచ్చినాయి.
ఎర్రగా "గు" వచ్చింది.
గదిలో ఫ్యాను ఒక్కటే మాట్లాడింది.

నెలకు ఉత్తర్వు వచ్చింది, ఇంగ్లీషులో.
బస్టాండు కాడ జిరాక్సు అంగడాయన చదివి చెప్పినాడు:
లైసెన్సు ఆరు నెలలు నిలుపుదల.
బాకీ సంగతి కోర్టులో తేల్చుకోవలెను.
రెండో వాక్యం చదివేటప్పుడు
ఆయన గొంతు కొంచెం తగ్గింది.
జిరాక్సుకు దుడ్లు తీసుకోలేదు.

గుణశేఖర ఇప్పుడు బామ్మర్ది లైసెన్సు మీద
పలమనేరు రోడ్డులో కల్వర్టు కడతా ఉండాడు.
గాంధీ రోడ్డులో కనపడి బండి ఆపినాడు.
"కోపం పెట్టుకోవద్దబ్బా. పనికి వస్తావా?"
థూ అనాల్సిన నోటికి
"కూలి ఎంత" అనే మాట వచ్చింది.
మింగేసినా. ఎంతసేపు మింగి పెట్టుకుంటానో తెలీదు.

నాకు లైసెన్సు లేదు.
నన్ను నిలిపేయాలంటే ఎల్లప్ప ఏ ఆఫీసుకు పోవాల?
పొద్దున్నే ఇంటికి వచ్చినాడు. అరవలేదు.
గోడకు తగిలించిన రసమట్టం తీసుకున్నాడు.
"బాకీ తీర్చిన దినం ఇస్తా మేస్త్రీ" అన్నాడు.
పోతా పోతా, చేతి అలవాటు,
వాకిట్లో అరుగు మీద పెట్టి చూసినాడు.

బుడగ ఒక పక్కకు పోయి నిలిచింది.
ఇద్దరం చూసినాం.

ఆ అరుగు కట్టింది నేనే.