తెల్ల గీత

రియో అంటే అందరూ సముద్రం అంటారు.
మా రియలెంగో దాకా సముద్రం రాదు. ఎండ ఒక్కటే వస్తుంది,
అద్దె అడగడానికొచ్చినట్టు, పొద్దున్నే.
ఆ ఎండనే అమ్ముకుని బతుకుతాను నేను, జురెమాని.
మూడో అంతస్తు డాబా, నీళ్ళ ట్యాంకు పక్కన
ఎనిమిది ప్లాస్టిక్ మంచాలు.

ఒంటి మీద బట్ట ఉండదు. నల్ల టేపు ఉంటుంది.
బికినీ ఎక్కడ ఉండాలో అక్కడ అతికిస్తాను,
వేలెడు వెడల్పు, కొందరికి అందులో సగం.
గంటన్నర కాలాక పీకితే
చుట్టూ రాగి, మధ్యలో తెల్ల గీత.
వేసుకున్నదాని కంటే
విప్పిన గుర్తుకే గిరాకీ.

శనివారం జాసియారా వస్తుంది. ముప్ఫై ఒకటి.
ఎలా తెలుస్తుందో, వెనకాలే కెటెలిన్ వస్తుంది. ఇరవై తొమ్మిది.
పక్కపక్క మంచాలే కావాలంటారు.
"దానికెంత సన్నంగా వేశావు?" అని చెవిలో ఒకతె.
"దానికంటే వెంట్రుకంత తక్కువ వెయ్యి" అని ఇంకొకతె.
ఇద్దరికీ సరేనంటాను.
ఒకే చుట్టలోంచి చింపుతాను.

మొదట్లో మగాళ్ళ కోసమే అనుకునేదాన్ని.
ఫోటో పెట్టగానే నిప్పుబొమ్మలు పంపే మగాళ్ళని
బొటనవేలితో పక్కకి తోసేస్తారు,
చిక్కుడుగింజల కూరలో బిర్యానీ ఆకులా.
వెతికేది ఒక్క పేరు.
చూసిందా. ఎన్నింటికి చూసింది.
చూసి కూడా ఎందుకు ఊరుకుంది.

పోయిన వారం టేపు పీకాక
కెటెలిన్ గోడకానుకుని ఫోను నాకిచ్చింది.
నేను తీస్తే తలలు తెగుతాయి.
జాసియారా తువ్వాలు చుట్టుకుని లేచి
నా చేతిలోంచి లాక్కుంది.
"ఎడం భుజం కిందికి. గడ్డం కాదు, మెడ. ఊపిరి వదిలెయ్.
ఆ మచ్చ దాచకు, అదే నీకు అందం."
నడుం కింద, వేరుశనగ గింజంత మచ్చ.
మూడేళ్ళుగా ఆ ఒంటికి టేపు వేస్తున్నాను,
నా కంట పడలేదు.
ఏ ప్రియుడైనా దాన్ని అంత శ్రద్ధగా చదివాడా?

కెటెలిన్ కళ్ళు తడిశాయి. ఎండ కావచ్చు.
దిగుతూ ఇద్దరూ ఒకే బోండాం తాగారు, ఒకే స్ట్రాతో.
రాత్రి మా అమ్మాయి చెప్పింది:
జాసియారా పదకొండు నిమిషాల ముందే
తన ఫోటో పెట్టేసిందట.
అదే గోడ. అదే ఎడం భుజం.

పడీపడీ నవ్వాను.
తర్వాత స్నానాలగదిలో అద్దం మీది ఆవిరి తుడిచాను.
ఎనభై ఏడు వేసవి గీత, ఎల్జీరా నా పక్కన
ఇసకలో పడుకున్న వేసవిది,
చర్మం ఎప్పుడో మర్చిపోయింది. అయినా వెతికాను.

ఎల్జీరా ఎక్కడుందో తెలీదు.
వాళ్ళిల్లు ఇప్పుడు మందుల షాపు.
దాని ముందు నుంచి నడిచేటప్పుడు మాత్రం
ఇప్పటికీ పొట్ట లోపలికి లాక్కుంటాను.