తూకం పుస్తకం

పలాసలో పిక్కలు కొట్టే ఆడోళ్ళందరి వేళ్ళూ నలుపే.
అందుకే దమయంతి గోళ్ళు
జీడి సొనకి కాదు, సెలైన్లో ఎక్కించిన మందుకి నల్లబడ్డాయని
మూడు వారాలు నాకు తెలీలేదు.

తూకం గుమాస్తాని.
నా కంటికి కాటా ముల్లే ఆనుతుంది.
ఆషాఢంలో పది కిలోలు.
తర్వాత ఏడు.
విశాఖ ఆసుపత్రికి వెళ్ళొచ్చిన వారం, నాలుగున్నర.
కింద ఎర్రసిరాతో గీత గీసింది నేనే.

నిన్న కాటా దగ్గర నిలబడిపోయింది.
"వేళ్ళ కొసలు సచ్చిపోనాయి బావూ.
కత్తి తగిల్నా తెలీడం నేదు, నెత్తురు సూసి తెలుసుకుంతన్నాను.
గ్రేడింగు బల్ల కాడ ఎయ్యండి.
గుండు ఏదో బద్ద ఏదో సెప్పడానికి
కళ్ళు సాలు."

"ఇంటికాడ పడుకోరాదా అమ్మా"
అన్నాడు యజమాని, మెత్తగానే.

"పడుకుంటే కూలి రాస్తారేటి?"

కొట్టే మర ఒకటి ఆగింది.
దాని పక్కది.
ఆ వరసంతా.
ఎవరూ తల మాత్రం ఎత్తలేదు.

పుస్తకం తెరిచి
ఆమె పేరుకెదురుగా కిలోల గడి కొట్టేశాను.
'రోజుకూలి, గ్రేడింగు' అని రాశాను.
సంతకం చోటు ఇంకా ఖాళీ.

ఆయన కలం కోసం జేబులు తడుముకుంటున్నాడు,
నేను నాది చాపి నిలబడ్డాను.