నూట పాతిక గీత

ధైద్‌ల మా షెడ్డు వెనక
పన్నెండు వందల దిర్హాములకు దిగింది బండి.
రెండు వందల యాభై, టూ స్ట్రోక్.
హ్యాండిల్ వంకర, సీటు చిరుగు,
కిక్కు కొడితే కాలికి ఎదురే లేదు,
పండ్లు లేని నోరు చెరుకు నమిలినట్టు.

పోశెట్టి చుట్టూ తిరిగి చూసిండు.
"పదిహేడేండ్ల సంది మంది బండ్లు చేస్తున్నవు,
ఇదెవరిదిరా?"
నాదే అని చెప్పనీకి
నోట్ల నట్టు పట్టుకుని ఉన్న.

ముందుగాల ఎయిర్ ఫిల్టర్ ఇప్పిన.
గుప్పెడు ఇసుక.
మా దిక్కు ఇసుక ఇటుక పొడి లెక్క ఎర్రగుంటది,
ఇది తెల్లది, సముద్రం పక్కది.
యాడ యాడ తిరిగిందో అమ్మినాయన చెప్పలే,
ఫిల్టర్ చెప్పింది.
కడగని ఆ చెయ్యి ఎవనిదో గాని
రెండు దినాలు వాని మీద కోపంతోనే తిన్న, పన్న.

సిలిండర్ లేపితే గోడ నిండ గీతలు.
ఈ పనిల కండ్లను నమ్మొద్దు,
గోరును నమ్మాలె.
బొటనవేలి గోరు పైనుంచి కిందికి దించిన.
యాడా తట్టలే.
రాడ్ పట్టి పైకి కిందికి ఆడించిన. చప్పుడు లేదు.
అంటే బతుకుతది,
పిస్టన్, రింగులు, గాస్కెట్లు ఉంటే చాలు.
షార్జా నుంచి కూరగాయల వ్యాన్ల
ఉల్లిగడ్డ బస్తాల మీద కూసోని వచ్చినయి అవి.

ఇగ నూనె.
గేర్లకు వేరే ఉంటది, అది వేరే ముచ్చట.
ఇంజిన్‌కు కడుపుల దాచుకునే చోటు లేదు,
పెట్రోల్ల కలిపి పోసిందే తాగుతది,
తాగింది తాగినట్టు కాలుస్తది.
తక్కువైతే పట్టేస్తది,
ఎక్కువైతే ప్లగ్గు తడిసి మొండికేస్తది.
అయిదు లీటర్లకు నూట పాతిక మిల్లీలు.
టీ గ్లాసు అందాజ నాకు సయించదు.
మందుల దుకాణంకు పోయి
గీతలున్న పాలసీసా అడిగిన.

కౌంటర్ల జిన్సీ అనే మలయాళీ పిల్ల.
నా గోర్ల నలుపు చూస్తనే హిందీల అడిగింది:
బాబా, పాపనా?
"ఇంక తెల్వదమ్మా, ఇప్పటిదాక ఏడ్వలే."
నేను నవ్వులకన్న.
ఆమె మొఖం మాడిపోయింది.
దేవుడున్నడు అన్నా అని
ఒక పాలపీక ఊకెనే ఇచ్చింది.
అది జేబుల పెట్టుకుని
నిజం చెప్పకుండ బయటికొచ్చిన.

శుక్రవారం, తెల్లారగట్ల బాంగు అయినంక
పదకొండో కిక్కుకు ఏడ్చింది.
రేకుల మీది పావురాలన్నీ లేచినయి.
నేను పోసింది ఆముదం కలిసిన నూనె,
నీలం పొగల
పురిటి పిల్లల మాడు వాసన.

వేడెక్కనిచ్చి ఆపిన.
చెయ్యి ఆనేంత చల్లారినంక మళ్ల.
మూడు సార్లు.
పోశెట్టికి ఓపిక లేదు, తోలవేందిరా అంటడు.
కొత్త రింగులు పాత గోడకు అలవాటు పడాలె,
మా రూముల కొత్త మనిషి దిగిన మొదటి వారం లెక్క.

షెడ్డు వెనక కంకర నేల మీద
ఒక్క పరుగు, నిండుగ తిప్పి,
కట్ చేసి, ప్లగ్గు ఇప్పి చూస్తే
సుద్దముక్క.
ఎండకు భయపడి మరీ సన్న జెట్టు వేసిన.
ఒక్క నంబర్ పెద్దది వేస్తే
బెల్లం రంగుకు తిరిగింది.

ఇప్పుడు ఫిల్టర్లు రెండు.
ఒకటి బండిల, ఒకటి తీగ మీద ఆరుతది
నా బనీన్ల పక్కన.
ఒక్క పూట కడగకపోతే
ఆ కడగని చెయ్యి నాదే అయితది.

జిన్సీ దుకాణంకు చేతి తొడుగుల కోసం పోత.
ఏడ్చింది అని మొదటి వారమే చెప్పిన,
రెండు చేతులు గుండెకు ఆనిచ్చుకుంది.
ఆ చేతులు చూసినంక ఇగ ఏం చెప్పాలె?
మొన్న అడిగింది, పండ్లు వచ్చినయా అని.
వచ్చినయన్న.
ఎన్ని అనేలోపు చిల్లర తీసుకోకనే బయటపడ్డ.

వెనక చైన్ చక్రం ఆ పొద్దే మార్చిన.
నలభై తొమ్మిది.